పనిచోట నవ్వు



విద్యానిధి, విద్యార్థివసతిగృహము, చేనేత సహకారసంఘముల స్థితి, వివాహవ్యయముల తగ్గింపు మొదలగు గంభీరవిషయముల నడుమ నవ్వునుగూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మాకు సమయ మొసగిన ఆహ్వానసంఘమువారికి వందనములు. కార్యక్రమపత్రమున మా ప్రసంగము భోజనమునకు ముందు చేర్పబడినది. ఆకలిగొన్నవారిని నవ్వించుట దుస్సాధ్యమని వారెరుగనిది కాదు. ఐనను అట్లు చేర్చుటయే మేలైనది. ఏలయన ఆకలికిని నవ్వునకును గల సంబంధము మేము చెప్పబోవు దానిలో ఒక ముఖ్యభాగము.

"నవ్వు నాలుగు విధముల చేటు" అని మన పెద్దలు చెప్పుదురు. ఇట్టి విషయము మహాసభకు తగునా యని సంశయించువారు నుందురు. వారికి మా సమాధాన మిది. రెండు మూడు తరములకు పూర్వము మన కుటుంబములలో పెక్కు మగ్గముపై బ్రదికినవి. నేడు మన బాలురును బాలికలును హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణముల యందును, అమెరికా, దుబాయి మొదలగు దూరదేశముల యందును కార్యాలయములలో, ఆసుపత్రులలో, బ్యాంకులలో ఉద్యోగములు చేయుచున్నారు. పెక్కు ఇండ్లలో నెలజీత మెరిగిన మొదటి మనిషి ఆ బిడ్డయే. చదువునకు తెచ్చిన అప్పు, ఇంటికి తెచ్చిన అప్పు వాని తలమీదనే యున్నవి. వాడు ఇంటికి జీతము తెచ్చుచున్నాడు. ముఖమున నవ్వు తెచ్చుట లేదు. అన్నము ముందర కూర్చుండగా టెలిఫోను మ్రోగిన ఉలికిపడుచున్నాడు. మన విద్యానిధి యేండ్లతరబడి పెంచిన చెట్టు కాపునకు వచ్చిన వేళ ఇట్లు వాడిపోవుచుండగా, మహాసభ చూచి ఊరకుండదగునా?

ఇది కేవలము ఇంటిపెద్దల బెంగ కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థయు అంతర్జాతీయ కార్మికసంస్థయు కలిసి 2021లో ప్రకటించిన లెక్కనుబట్టి, దీర్ఘకాలము పనిచేయుట కారణముగా 2016లో 7,45,000 మంది పక్షవాతమువలనను హృద్రోగమువలనను మరణించిరి. వారమునకు 55 గంటలు గాని అంతకు మించి గాని పనిచేయువారికి, 35 మొదలు 40 గంటలు పనిచేయువారికంటె, పక్షవాతభయము నూటికి 35 వంతులును, హృద్రోగమరణభయము నూటికి 17 వంతులును అధికమని వారు తేల్చిరి. మనోవ్యాకులతవలనను దిగులువలనను ప్రపంచమున ఏటేట 1,200 కోట్ల పనిదినములు నష్టమగుచున్నవని ఆ రెండు సంస్థలే 2022లో తెలిపినవి. ఇట్టి భారమునకు నవ్వొక్కటే మందని చెప్పు మూఢులము కాము. కాని పనిచోట నవ్వు ఉన్నదా లేదా యనుట ఆ చోటి ఆరోగ్యమునకు గుర్తు. వైద్యుడు నాడి చూచినట్లు మనము దానిని చూడవలెను.

మన ముత్తాతల పనిచోటు ఎట్టిది? దానిని స్వర్గమని వర్ణించుటకు మేము రాలేదు. గుంటమగ్గమున కాళ్లు దింపి ప్రొద్దుపొడుపు మొదలు దీపములవేళ వరకు కూర్చుండినవాని నడుమునొప్పి వానికే తెలియును. నూలు షావుకారుది, ధర షావుకారుది, అప్పు మాత్రము నేతగానిది. వర్షకాలమున గుంటలో నీరూరినచో మగ్గము నిలిచిపోవును. మగ్గము నిలిచినచో పొయ్యి నిలిచిపోవును. ఇన్ని కష్టములలోను ఆ పనియం దొక వసతి యుండెను. అందు మాటకు చోటుండెను.

తెల్లవారుజామున పడుగును వీధిపొడవున సాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుట ఒక్క యింటివారివలన అగు పని కాదు. ఇరుగుపొరుగువారు చేతులు కలుపవలెను. ఎండ ముదురకమునుపే పని ముగియవలెను. తెగిన పోగును వెంటనే అతుకవలెను. అట్టి తొందరలోనే వీధియంతయు నవ్వులతో మారుమ్రోగెడిది. బావామరదుల ఎత్తిపొడుపులు, వదినామరదండ్ర పరిహాసములు, సంతలో బేరమాడి మోసపోయినవాడు తన మోసమును తానే చెప్పుకొను కథ, ఇవన్నియు ఆ పడుగు వెంట సాగెడివి. ఇంటిలోన ఆమె రాట్నముపై కండెలు చుట్టుచుండెడిది. ఆతడు నాడె విసరుచుండెడివాడు. నాడె ఇటునుండి అటు పోయివచ్చు లోపల ఒక మాటకు వ్యవధి కలదు. ఆ మాటకు బదులు వచ్చులోపల ఒక నవ్వునకు వ్యవధి కలదు.

తరువాత మరమగ్గము వచ్చెను. ఆ మోతలో ప్రక్కవాని చెవిలో అరచినను వినబడదు, సైగలే భాష. అటుపిమ్మట మన పిల్లలు కంప్యూటరుల ముందు చేరిరి. అచ్చట మోత లేదు, చల్లనిగాలి కలదు. కాని ఒక్కొక్కని చెవులకు ఒక్కొక్క యంత్రము తగిలించియుండును. సముద్రముల కావలనున్న ఖాతాదారుని సంగతి తెలిసినంత ప్రక్కబల్లవాని సంగతి వానికి తెలియదు. ఒకచోట మోత, ఒకచోట నిశ్శబ్దము. రెండును నవ్వును మ్రింగినవి. నవ్వు మరచుటకు మనుష్యుని స్వభావము మారలేదు. పనియొక్క అమరిక మారినది. అమరికవలన పోయినది అమరికవలననే తిరిగి రావలెను. ఈ ఒక్క మాట చెప్పుటకే మేమీ వేదిక నెక్కితిమి.

నవ్వు పనికి శత్రువని తలచు యజమానులు అన్నిదేశములందును కలరు. అమెరికాలో ఫోర్డు మోటారు కర్మాగారమున పనివేళ నవ్వుట, ఈలవేయుట, ముచ్చటించుట క్రమశిక్షణకు విరుద్ధముగా ఎంచబడిన కాలమొకటి యుండెను. 1940లో అచ్చటి రివర్ రూజ్ కర్మశాలలో ఒక శ్రామికుడు చిరునవ్వుతో పట్టుబడెనని పనినుండి తొలగింపబడెను. అంతకుమునుపు తోడివారితో నవ్వి పనిని అరనిమిషము ఆలస్యము చేసెనన్న నేరమును ఆతనిపై నుండెనట. అరనిమిషము! ఆ అరనిమిషమును లెక్కించినవారు, నవ్వులేని మనిషి రోజంతయు ఈడ్చుకొనుచు చేయు పనిలోని నష్టమును లెక్కింపలేదు.

ఫ్రెంచి తత్త్వవేత్త హెన్రీ బెర్గ్సన్ 1900లో ప్రకటించిన "నవ్వు" అను గ్రంథమున ఒక చక్కని సిద్ధాంతము చేసెను. ప్రాణముగల మనుష్యుడు యంత్రమువలె వర్తించినపుడు మనకు నవ్వు వచ్చునని ఆయన భావము. చార్లీ చాప్లిన్ 1936లో తీసిన "మోడరన్ టైమ్స్" అను చలనచిత్రము చూచినవారికి ఇది వెంటనే బోధపడును. మరచుట్లు బిగించి బిగించి, పని నిలిచిన పిమ్మటగూడ చేతులు బిగించుచునే యుండు ఆ శ్రామికుని చూచి లోకమంతయు నవ్వెను. ఆ నవ్వులో ఒక జాలి యున్నది, ఒక హెచ్చరిక యున్నది. "నీవు యంత్రము కావు, మనిషివి" అని తోడిమనిషికి గుర్తుచేయు పిలుపే పనిచోటి నవ్వు.

మన పూర్వులు ఈ విషయమును చిన్నచూపు చూడలేదు. భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములలో హాస్యమునకు స్థానమిచ్చి, నవ్వును ఆరు విధములుగా విభజించెను. స్మితము, హసితము ఉత్తములకును, విహసితము, ఉపహసితము మధ్యములకును, అపహసితము, అతిహసితము అధములకును చెందునని ఆయన వ్రాసెను. ఉత్తమమధ్యమాధమ భేదములు పుట్టుకవలన కలుగునని మనమీ సభలో ఒప్పుకొనము. నవ్వినవాని కులముచేత గాక నవ్విన తీరుచేతనే నవ్వు ఉత్తమమో అధమమో యగును. ఈ విధముగా గ్రహించినచో మునివాక్యము నేటి కార్యాలయమునకును చక్కగా సరిపోవును.

ఇక శాస్త్రజ్ఞులు కనుగొన్నదేమి? అమెరికా మనశ్శాస్త్రవేత్త రాబర్ట్ ప్రొవైన్ వీధులలోను అంగళ్లలోను జనులు సహజముగా నవ్విన సందర్భములను వేయికి పైగా వ్రాసికొని పరిశీలించి, 2000లో గ్రంథము ప్రకటించెను. నవ్వులలో అధికభాగము హాస్యోక్తి విన్నందున వచ్చినది కాదట. "మరల కలిసికొందము", "నీవును వచ్చితివా" వంటి సామాన్యమైన మాటలకే జనులు నవ్విరి. ఒంటరిగా నున్నప్పటికంటె నలుగురిలో నున్నప్పుడు మనుష్యుడు ముప్పదిరెట్లు అధికముగా నవ్వునని కూడ ఆయన కనుగొనెను. దీనివలన మనకు తెలియునదేమి? నవ్వునకు విదూషకుడు అక్కరలేదు, తోడు కావలెను. ఆక్స్‌ఫర్డు పండితుడు రాబిన్ డన్బారును ఆయన తోడివారును 2011లో చేసిన పరీక్షలలో, కలిసి కడుపార నవ్వినవారు పిమ్మట నొప్పిని మునుపటికంటె అధికముగా ఓర్చుకొనిరి. ఫిన్లాండు దేశీయులు 2017లో చేసిన చిన్న పరిశోధనయందు, మిత్రులతో కలిసి నవ్వినవారి మెదడులో నొప్పిని శమింపజేయు సహజద్రవ్యములు విడుదలయగుట యంత్రసహాయమున కనబడెను. నవ్వు సాగినంతసేపు గుండె వడి హెచ్చును. నవ్వు ముగిసిన వెనుక కండరములు సడలి, దేహము తెరపినొందును. బిగిసిన పడుగును కొంచెము సడలించినచో పోగు తెగదని మన వృత్తివారికి వేరుగ చెప్పవలయునా?

పనికి కలుగు మేలు మరియొకటి గలదు. నవ్వుగల చోట భయము తక్కువ. భయము తక్కువైన చోట చిన్న ఉద్యోగి తన పనిలోని పొరపాటును దాచక వెంటనే పైవారికి చెప్పును. పోగు తెగినదని అప్పుడే చెప్పినచో ఒక్క ముడితో పోవును. దాచినచో బట్ట యంతయు చెడును. ఆసుపత్రిలో మందు, బ్యాంకులో లెక్క, కర్మాగారమున యంత్రము, వీనియందెల్ల దాచిన తప్పే ప్రమాదకరము. ముఖము చూచి వణకుచుండు చోట నిజము బయటికి రాదు. నిజము రానిచోట పని నిలువదు. కావున తనయెదుట చిన్నవారు ధారాళముగా నవ్వగలుగుట పెద్దకు అగౌరవము కాదు. తన సంస్థలో నిజము దాగుట లేదని అదియే ఆయనకు సాక్ష్యము.

ఐనను ప్రతి నవ్వును మేలైనది కాదు. మయసభలో దుర్యోధనుడు జారిపడగా పుట్టిన నవ్వు కురుక్షేత్రమువరకు పోయినది. వ్యాసభారతమున భీమాదులు నవ్విరి. మన ప్రజలు ద్రౌపది నవ్వెనని చెప్పుకొందురు. ఎవరు నవ్వినను నీతి యొక్కటే. జారిపడినవానిని చూచి పైనున్నవారు నవ్విన నవ్వు మరపునకు రాదు. పనిచోట క్రొత్తగా చేరినవాని ఇంగ్లీషు ఉచ్చారణమును, దేహచ్ఛాయను, ఊరిపేరును, యాసను, కులమును పట్టుకొని నవ్వుట హాస్యము కాదు, హింస. మన వృత్తినిబట్టి లోకులు కట్టిన వెక్కిరింపు సామెతలను మన తాతలు విని తలవంచుకొనిరి. ఆ గాయ మెరిగిన మనము, మనకంటె బలహీనులైన వారిపై అట్టి మాట లాడుట సిగ్గుచేటు. నలుగురు నవ్వుచుండగా ఒక్కడు తలవంచుకొనియున్నచో అచ్చట హాస్యము లేదని తెలిసికొనుడు.

స్త్రీలవిషయమున మన సామెతలు మరింత కఠినములు. నవ్వు ఆడుదానిని నమ్మరాదని చెప్పుకొన్న సమాజము మనది. 2019-20 చేనేత గణననుబట్టి దేశమున 35 లక్షలకు పైగా చేనేతపనివారు కలరు. వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. ఇంటను మగ్గమునొద్దను సగముకంటె ఎక్కువ భారము మోయువారికి నవ్వుహక్కు లేదనుట ఏ ధర్మము? కార్యాలయమున మన ఆడుబిడ్డ నవ్వినచో చనువని అపార్థము చేయుదురు, నవ్వకున్నచో గర్వమందురు. ఈ రెండు కత్తుల నడుమ ఆమె పడు శ్రమ జీతపుపట్టీలో కనబడదు. మన యువకులు తమ సోదరికి ఎట్టి సభ్యత కోరుదురో తోడి ఉద్యోగినికి అట్టి సభ్యతయే చూపవలెను.

ఇక ఆకలిమాటకు వత్తము. ముంబయిలో డాక్టరు మదన్ కటారియా 1995లో అయిదుగురితో ఉద్యానవనమున ప్రారంభించిన నవ్వుసంఘము నేడు అనేకదేశములకు వ్యాపించినది. తమంతట తాము ప్రాతఃకాలమున గుమిగూడి నవ్వువారికి అది మేలే. కాని జీతము బిగబట్టి, సెలవు నిరాకరించి, పండ్రెండు గంటలు పనిచేయించుకొని, శుక్రవారము సాయంకాలము అందరును పది నిమిషములు నవ్వవలెనని ఉత్తరువు చేయు యజమాని నవ్వును కూడ ఒక పనిగా మార్చుచున్నాడు. ఆజ్ఞతో వచ్చు నవ్వు పెదవులది, కడుపులోనిది కాదు. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో సిరిసిల్ల మరమగ్గముల పనివారు అనేకులు అప్పులవలనను పనిలేమివలనను ప్రాణములు తీసికొనిరి. అట్టివారికి హాస్యము బోధింపబూనుట క్రూరత్వము. ముందు కూలి, పిమ్మట విశ్రాంతి, ఆ రెంటిమీద నవ్వు. ఈ వరుస తప్పరాదు.

మరి మన కర్తవ్యమేమి? మొదట, మనలో దుకాణములు, షెడ్లు, ఆసుపత్రులు, పాఠశాలలు, కంప్యూటరు సంస్థలు నడుపు పోషకమహాశయులకు మా విన్నపము. 1948 ఫ్యాక్టరీల చట్టము అయిదు గంటలకు మించి ఎడతెగక పనిచేయింపరాదనియు, నడుమ అర్ధగంటయైనను విశ్రాంతి యొసగవలెననియు విధించెను. అది యంత్రశాలలకు చేసిన శాసనము. దాని ధర్మము అన్ని పనిచోటులకును చెల్లును. ఆ అర్ధగంట పనివారందరు ఒక్కచోట కూర్చుండి భుజించునట్లు ఏర్పాటు చేయుడు. అప్పుడప్పుడు మీరును వారి బంతిలో కూర్చుండుడు. తప్పు దిద్దవలసివచ్చినచో ఏకాంతమున దిద్దుడు. నలుగురిలో ఎగతాళి చేయకుడు. మీమీద వారు వేసిన చిన్న చమత్కారమును సహింపుడు. పనివేళ ముగిసిన పిమ్మట వారి టెలిఫోను మ్రోగింపకుడు.

రెండవది, ఉద్యోగములలో నున్న యువజనులకు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి "బారిష్టరు పార్వతీశము"ను చదువుడు. మొగల్తూరునుండి బయలుదేరి లండను చేరబోవు ఆ అమాయకుడు తన తెలివితక్కువతనమును తానే చెప్పుకొని మనలను నవ్వించును. క్రొత్తచోట తడబడుట సహజమనియు, తడబాటును తానే చెప్పి నవ్వగలవానిని ఇతరుల నవ్వు బాధింపజాలదనియు అది నేర్పును. పనిచోట ఒక్క స్నేహితునైనను సంపాదించుకొనుడు. చెవియంత్రము తీసి ప్రక్కబల్లవానిని పలుకరింపుడు. నిన్నటివరకు నవ్వుచుండినవాడు నేడు మౌనముగానున్నచో కారణ మడుగుడు. దిగులు నవ్వుతో తీరనిదైనచో వైద్యసహాయము కోరుటకు సిగ్గుపడరాదు. భారతప్రభుత్వము 2022 అక్టోబరులో నెలకొల్పిన టెలీ మానస్ అను ఉచితసేవ 14416 అను సంఖ్యయందు తెలుగులో కూడ పలుకును.

మూడవది, తలిదండ్రులకు. బిడ్డ ఇంటికి టెలిఫోను చేసినంతనే "జీత మెంత పెరిగినది? పై పదవి యెప్పుడు?" అని అడుగుట తగ్గింపుడు. "ఈ వారము మీ ఆఫీసులో నవ్వు వచ్చిన సంగతి యొకటి చెప్పు" అని అడిగి చూడుడు. చెప్పినచో సంతోషింపుడు. చెప్పుటకు ఏమియు లేదన్నచో ఆ రాత్రి మరికొంతసేపు మాటలాడుడు.

నాలుగవది, మన సంఘమునకు. మన వసతిగృహముల పఠనాలయములలో పరీక్షలపుస్తకముల ప్రక్కనే చిలకమర్తి, పానుగంటి, మునిమాణిక్యము, భమిడిపాటి మొదలగువారి గ్రంథములకు ఒక బీరువా కేటాయింపవలెను. ఇది పెద్ద వ్యయము కాదు. నవ్వుట నేర్చి ఉద్యోగమునకు పోవు పిల్లవాడు, మార్కులు మాత్రమే తీసికొని పోవువానికంటె ఎక్కువకాలము నిలుచును.

మహాజనులారా! మన పూర్వులు పడుగు పేకలతో లోకమునకు వస్త్రమిచ్చిరి. పని పడుగైనచో తోడివారితో మాటయు నవ్వును పేక. పడుగు ఎంత గట్టిదైనను పేకలేనిదే బట్ట కాదు. వట్టి పోగుల వరుస మాత్రమే. మన బిడ్డలు నేడు నిండుగా పడుగు వేసికొని కూర్చుండియున్నారు. వారికి పేక యందించు భారము యజమానులది, తలిదండ్రులది, ఈ సంఘముది. "నవ్విన నాపచేనే పండును" అని మన సామెత. మనలను చూచి లోకులు నవ్విన దినములు గడచిపోయినవి. ఆ చేను పండినది. ఇక ఆ పంటను మన పిల్లలు నవ్వుచు అనుభవించునట్లు చేయుట మనవంతు.